కొల్లేటికోట బలం సూది

కొల్లేటికోటలో మా పిన్ని ఇంటికి చుట్టంగా వెళ్ళి, సూది పడకుండా తిరిగొచ్చినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. ఒకవేళ ఉన్నా వాళ్ళు మా పిన్నికి అంతగా గిట్టనివాళ్ళై ఉంటారు. వేరే ఇళ్ళలో చుట్టాలకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు, భోజనం పెడతారు, వెళ్ళేటప్పుడు ఇంత పచ్చడి కట్టిస్తారు. మా పిన్ని అవన్నీ చేసి, ఆపైన బలం సూది కూడా వేయించేది. ఎవరి మొహం చూసినా పోయినసారి కంటే చిక్కినట్టే ఆవిడ కళ్ళకి కనిపించేది. ఒకసారి మా మేనమామ గుమ్మంలో పట్టక, పక్కకి తిరిగి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. "అయ్యో తమ్ముడూ, గోడ పట్టుకుంటే గాని నడవలేకపోతున్నావురా!" అని అప్పటికప్పుడు డాక్టరుగారికి కబురు పెట్టింది.

డాక్టరుగారంటే పెద్ద చదువులు చదివినాయన అనుకునేరు. ఏలూరులో ఏదో నర్సింగ్ హోములో కొన్నాళ్ళు కాంపౌండరుగా చేసి, చేయి తిరిగాక ఊరొచ్చి, లంకలన్నిటికీ డాక్టరైపోయినాయన. ఒళ్ళో తోలుపెట్టె, చేతిలో గొడుగు పెట్టుకుని పడవలో వచ్చేవాడు. ఆ పడవ వస్తుంటే గూడకొంగలు కూడా రెక్క ఎత్తి నిలబడేవని మా నాన్న అనేవాడు. జ్వరానికో సూది, నొప్పికో సూది, ఏ జబ్బూ లేకపోతే బలానికి సూది. మరీ కావలసిన చుట్టమైతే ఇంటి వాసానికి సెలైన్ బాటిలు కట్టి ఎక్కించడం. బాటిలు ఎక్కిందంటే ఆ ఇంట్లో మన పరువు నిలబడినట్టు.

ఇంత వైద్యం ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకప్పుడు బరువులెత్తేదాన్ని. నేషనల్స్‌లో పతకం తెచ్చి, పరీక్షలో మందు బయటపడి, తెచ్చిన పతకం తిరిగి ఇచ్చేసిన తాడేపల్లిగూడెం అమ్మాయి ఒకత్తి ఉండేదని మా వైపు పెద్దవాళ్ళకి గుర్తుండవచ్చు. ఆ అమ్మాయిని నేనే. ఇప్పుడు అమ్మాయిని కాను. బరువు సంగతి అడగకండి. ఆ మందు నా ఒంట్లోకి వచ్చింది మా పిన్ని మర్యాద పుణ్యమా అని. ఆ సంగతి మా పిన్ని చెవిన పడకుండా నా జుట్టు సగం తెల్లబడేదాకా కాపలా కాశాను. పోయిన ఏడాది చలికాలంలో ఆ కాపలా తప్పింది.

మా నాన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. మా వీధిలో గాలి పీల్చినా సగం కూర తిన్నట్టే. లారీలు దిగే రోజున ఎవరూ పెళ్ళిచూపులు పెట్టుకునేవారు కాదు, పిల్ల కళ్ళమ్మట నీళ్ళు చూసి పెళ్ళివారు ఏమనుకుంటారోనని. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అమ్మ చెల్లెలే కొల్లేటికోట పిన్ని. ఆవిడకి పిల్లల్లేరు. బడికి సెలవిస్తే చాలు, వచ్చి నన్ను ఎత్తుకుపోయేది. తల్లి లేని పిల్ల చిక్కిపోతోందన్న బెంగ ఆవిడకి అప్పుడు పట్టుకుంది, నేను పెరిగి ఉల్లిపాయల బస్తా అంత అయ్యాక కూడా వదల్లేదు.

హైస్కూల్లో ఉండగా ఒకనాడు నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకెళితే దారికడ్డంగా ఒక బస్తా పడుంది. అడ్డంగా ఉంది కదాని ఎత్తి పక్కన పెట్టాను. అంతకుమించి నాకే ఉద్దేశమూ లేదు. కూలీలు పని ఆపేశారు. లారీ డ్రైవరు నోట్లో బీడీ నోట్లోనే ఆరిపోయింది. ఆ పూట మార్కెట్లో ఉల్లి ధర కూడా కాసేపు నిలబడిపోయిందని తర్వాత నేనే ప్రచారం చేసుకున్నాను.

కూలీల మేస్త్రి మా నాన్న దగ్గరికొచ్చి, "ఏవండీ గుమాస్తాగారూ, పాపగారికి ఏం పెడతారండీ?" అన్నాడు.

"ఏం పెడతామండీ, పప్పూ అన్నమేనండీ."

"పప్పులో ఏం వేస్తారండీ?"

అప్పుడు అందరూ నవ్వారు. అదే ప్రశ్న కొన్నేళ్ళకి జిల్లా అంతా అడుగుతుందనీ, అప్పుడు ఎవరూ నవ్వరనీ మాకేం తెలుసు!

ఆ మేస్త్రే ఏలూరులో మాస్టారి సంగతి చెప్పాడు. కాలవగట్టున మూతపడిన రైసుమిల్లు షెడ్డులో పిల్లలకి బరువులెత్తడం నేర్పేవారు. పొద్దున్నే పాసింజరు బండిలో వెళ్ళి, ఎత్తి, మళ్ళీ బడి వేళకి, ఆ తర్వాత కాలేజీ వేళకి వచ్చేసేదాన్ని. మాస్టారు మాటల్లో మహా పొదుపరి. బ్రహ్మాండంగా ఎత్తితే "ఊఁ" అనేవారు. చెత్తగా ఎత్తినా "ఊఁ" అనేవారు. రెండు ఊఁలకీ తేడా కనిపెట్టడానికే నాకు ఏడాది పట్టింది. ఆయన భార్యని మేమందరం అమ్మగారు అనేవాళ్ళం. నానబెట్టిన శనగలు గిన్నెడు తెచ్చి, "తినండమ్మా, ఆయన ఊఁలతో కడుపు నిండదు" అని మా చేతుల్లో పోసేది.

మాస్టారు వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడింది నాకు తెలిసి ఒకే ఒక్క విషయం మీద. "ఎవరు ఏమిచ్చినా మింగకు. దగ్గొస్తే దగ్గు. జ్వరమొస్తే పడుకో. మందు మాత్రం నన్నడక్కుండా వేసుకోకు."

రాష్ట్రం పోటీల్లో మొదట వచ్చాను. కూలీలు నాకు స్టేషన్లో ఉల్లిపాయల దండ వేశారు. ఆ దండ నేనెత్తిన బరువు కంటే ఎక్కువ తూగిందని ఇప్పటికీ నా అనుమానం. నేషనల్స్‌కి ఎంపికయ్యాను. పతకం వస్తే సర్కారు ఉద్యోగం ఖాయమని పెద్దవాళ్ళు మాటిచ్చారు. సరిగ్గా అప్పుడే జ్వరం పట్టుకుంది. వారం రోజులు మంచానికి అతుక్కుపోయి లేచేసరికి నా చెంపలు లోపలికి పోయి ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. "పిన్ని దగ్గర చేపల పులుసు తిని కోలుకుని రా" అని నాన్న కొల్లేటికోట పంపించాడు.

పడవ దిగుతున్న నన్ను చూసి పిన్ని గట్టు మీదే కూలబడిపోయింది. కొల్లేటిలో నీళ్ళు చాలవన్నట్టు ఏడ్చింది. ఇంట్లో అడుగుపెట్టానో లేదో డాక్టరుగారు పెట్టె తెరిచి కూర్చున్నారు. వాసానికి బాటిలు వేలాడుతోంది.

"వద్దు పిన్నీ, మాస్టార్ని అడగాలి" అన్నాను.

"మీ మాస్టారు నిన్ను కన్నాడా?"

"లేదు."

"నేను కన్నానా?"

"లేదు."

"మరి ఇద్దరం సమానమేగా! ఆయన ఎత్తమంటే ఆ ఇనప్పట్టాలు ఎత్తుతావు, నేను చెయ్యి చాపమంటే చాపవా? అంత కానిదాన్ని అయిపోయానటే నీకు?"

చెయ్యి చాపాను. బాటిలు సగమయ్యాక డాక్టరుగారు ఇంకో చిన్న సీసా విరిచి, "పక్కకి తిరగండమ్మా, ఇది బలానికండీ" అన్నారు. తిరిగాను. ఏం మందండీ అని అడగలేదు. మా వైపు డాక్టరుగారిని మందు పేరు అడగడమంటే, విస్తరి ముందు కూర్చుని వండినావిడని చేతులు కడుక్కున్నావా అని అడిగినట్టు. ఒక్క ప్రశ్న. నోట్లోంచి నాలుగు అక్షరాలు రావాలి. అంత బరువు ఎత్తేదాన్ని, నాలుక ఎత్తలేకపోయాను.

నేషనల్స్‌లో పతకం వచ్చింది. నేను బరువుల బారు నెత్తి మీదికి ఎత్తి నిలబెట్టినప్పుడు ఆ హాలు పైకప్పు నాలుగంగుళాలు లేచిందని మా ఊళ్ళో చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఆ హాలు చూసినవాళ్ళు లేరుగా. పతకం మెడలో పడగానే ఒకావిడ వచ్చి మందుల పరీక్షకి శాంపిలు ఇవ్వాలి రమ్మంది. నాతోపాటు బాత్రూములోకి వచ్చి ఎదురుగా నిలబడింది. బరువు తగ్గడానికి రెండు రోజులుగా నీళ్ళు ముట్టని శరీరం. చుక్క రాదు. ఆవిడ నీళ్ళ బాటిళ్ళు ఇస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. ఆవిడ చూడ్డం మాననూ లేదు, నేను సిగ్గుపడ్డం మాననూ లేదు. దేశంలో బలమైన ఆడపిల్లల్లో ఒకతిని, చిన్న చెంబుడు నీళ్ళు విడవలేక తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. అంతకు మించిన సిగ్గు ఇక ఉండదనుకున్నాను. పిచ్చిదాన్ని.

కొన్ని నెలలకి, ఉద్యోగం ఆర్డరు ఈ వారమో వచ్చే వారమో అనుకుంటుండగా, మాస్టారు తాడేపల్లిగూడెం వచ్చారు. ఆయన కొట్లోకి రావడం అదే మొదలు. మా నాన్న కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు. నా శాంపిల్లో దొరికిందంటూ ఢిల్లీ నుంచి వచ్చిన కబురులో ఉన్న మందు పేరు చదివారు. ఆ పేరు పలకడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. ఇద్దరం ఏలూరు వెళ్ళి ఆయనకి తెలిసిన మందుల షాపులో అడిగాం. షాపాయన ఇట్టే గుర్తుపట్టాడు. "ఇదాండీ? ఇది బలం ఇంజక్షనండీ. మంచాన పడ్డ ముసలాళ్ళకి వేస్తుంటారండీ. లంకల్లో బాగా వెళ్తుందండీ."

లంకల్లో అన్న మాట వినగానే వాసానికి వేలాడిన బాటిలు గుర్తొచ్చింది. మాస్టారు నా మొహం చూశారు. చెప్పేశాను. చెప్పి, ఆ షాపు మెట్ల మీదే ఆయన కాళ్ళు పట్టుకున్నాను. పిన్ని పేరు చెబితే డాక్టరుగారిని పోలీసులు పట్టుకెళతారు, తన చేతుల మీదుగా నా బతుకు పోయిందని తెలిస్తే ఆవిడ ఏ చెరువులోనో దూకుతుంది, ఎవరికీ చెప్పొద్దు మాస్టారూ, ఎవరికీ, అన్నాను.

ఆయన షాపు ఎదురుగా ఉన్న కాలవకేసి చూశారు. "ఊఁ" అన్నారు. అది ఏ ఊఁయో నాకు అర్థం కాలేదు.

ఢిల్లీలో పెద్దమనుషుల ముందు, "ఎవరిచ్చారు?" అంటే "నాకు తెలీదండీ" అన్నాను. వాళ్ళు మాస్టారి వైపు తిరిగారు. ఆయన తలవంచుకుని, "నా పిల్ల. బాధ్యత నాది" అన్నారు. అంతే. రెండేళ్ళు నన్ను పోటీల్లోంచి తీసేశారు. పతకం పోయింది. ఉద్యోగం మాట ఎత్తినవాళ్ళు లేరు.

ఇక మా వైపు మర్యాద సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాలో మనిషిని చంపినా అండీ అనే చంపుతారు. "ఏవండీ, పేపర్లో పడింది మీ అమ్మాయిగారేనాండీ? అబ్బే, ఊరికే అడిగానండీ." "మందులు ఖరీదైనవాండీ, మామూలువాండీ?" నన్నెవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టి తేలికపడేదాన్ని. ఉల్లిపాయల దండ వేసిన కూలీలు నేను కనిపిస్తే, పాపం, బస్తాలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగేవారు. మా నాన్న కళ్ళు తుడుచుకునేవాడు. ఉల్లి కొట్లో ఎందుకని ఎవరూ అడగరు, అదొక్కటే ఆయన అదృష్టం.

మాస్టారి షెడ్డుకి పిల్లలు రావడం తగ్గి, ఆగిపోయింది. ఆయనే ఎక్కించి ఉంటాడని ఏలూరంతా అనుకున్నారు. అనుకుంటారని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఒకరిని కాపాడుతున్నానని నాకు నేనే గొప్పగా చెప్పుకున్నదాన్ని, రెండోవారిని ఎండలో నిలబెట్టి ఆ గొప్ప కొట్టాను. ఆయన షెడ్డు తాళం వేసి, ఒక కొట్లో లెక్కలు రాసుకుంటూ బతికారు. వీధిలో ఎదురైతే "ఊఁ, బాగున్నావా" అనేవారు. ఆయన పోయిన కబురు తెలిసిన రోజు ఆ ఇంటి దాకా వెళ్ళి, సందు మొగలో కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడి, ఒక బొండం తాగి వెనక్కొచ్చేశాను. అమ్మగారి ఎదుట పడే మొహం లేదు.

పిన్నికి మాత్రం పేపర్లో వచ్చినంతే తెలుసు. నన్ను చూసినప్పుడల్లా ఆవిడ ఒకటే సాధింపు. "ఆ పాడు మందులు తినే ఖర్మేం పట్టిందే నీకు? బలం కావాలంటే నాకు చెప్తే డాక్టరుగారిచేత ఇంకో రెండు సూదులు వేయించేదాన్నిగా!" అవును పిన్నీ, బుద్ధి లేకపోయింది పిన్నీ అనేదాన్ని.

ఇప్పుడు నేను ఏలూరులో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచర్ని. సైకిళ్ళ షెడ్డులో ఒక మూల ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పుతాను. గుండుగొలను నుంచి ఒక పిల్ల వస్తుంది. దాన్ని చేర్పించేటప్పుడు వాళ్ళమ్మ అడిగింది. "మేడమ్‌గారూ, ఏమీ అనుకోకండీ. మందులూ అవీ ఏం ఇవ్వరు కదండీ?" ఇవ్వనండీ అన్నాను. ఆవిడ ఏమీ అనుకోకండీ అంది గనక ఏమీ అనుకోలేదు. ఇంటికొచ్చాక అనుకున్నాను.

ఆ పిల్ల పోయిన ఏడాది రాష్ట్రం పోటీలకి ఎంపికైంది. అదే సమయంలో పిన్ని కాలు బెణికి మంచాన పడిందని తెలిసింది. ఆదివారం చూసొద్దామని బయల్దేరితే, ఆ పిల్ల "నేనూ వస్తా మేడమ్, కొల్లేరు పక్షుల్ని చూడలేదు" అంది. ఇప్పుడు పడవల్లేవు, రోడ్డు పడింది. దారిపొడుగునా చేపల చెరువులు, వాటిలో గాలి కొట్టే యంత్రాల చక్రాలు. పిల్ల బస్సు కిటికీలోంచి బయటికి వేలాడి కొంగలన్నిటికీ చెయ్యూపింది.

పిన్ని మంచం మీద నుంచే పిల్లని ఎగాదిగా చూసింది. పోటీ కోసం తిండి తగ్గించిన మొహం. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ చేపలు అమ్మే అతను గట్టు మీద కేక వేశాడు, కొరమీను బేరం నా బలహీనత, వెళ్ళాను. బేరం ముగించి సంచీతో వచ్చేసరికి, గుమ్మం ముందు మోటారు సైకిలు. లోపల నులకమంచం మీద పిల్ల, చెయ్యి మడిచి మొహం దాచుకుని బోర్లా పడుకుని ఉంది. పాత డాక్టరుగారి కొడుకు, ఇప్పుడు ఆయనే డాక్టరుగారు, చిన్న సీసా విరుస్తున్నాడు.

నేను వేసిన కేకకి చెరువుల్లో చేపలు అవతలి గట్టుకి పోయి ఉంటాయి. సంచీ కింద పడి కొరమీను ఇల్లంతా ఎగిరింది.

"ఏం లేదండీ, బలానికేనండీ" అన్నాడు చిన డాక్టరుగారు, సూది గాల్లో పట్టుకుని.

"ఏం మందండీ అది?" ఆ నాలుగక్షరాల మాట అప్పుడొచ్చింది నా నోట.

"మామూలు బలం మందేనండీ."

"ఎందుకే అలా అరుస్తావు?" అంది పిన్ని. "నీకు వేయించింది అదేగా! పెద్ద డాక్టరుగారు వేసిన సూదితోనేగా నువ్వు జ్వరంలోంచి లేచి వెళ్ళి అంత పతకం తెచ్చావు!"

పిల్ల లేచి కూర్చుంది. నా వైపు చూసింది. పదహారేళ్ళ పిల్లలకి లెక్కలు త్వరగా వస్తాయి.

"అదేనా మేడమ్?" అంది.

"ఏది అదే?" అంది పిన్ని.

అబద్ధం ఆడటంలో నేను చేయి తిరిగినదాన్ని. ఉల్లిపాయల ధరలు నిలబెట్టినదాన్ని, హాలు పైకప్పులు లేపినదాన్ని. ఆ క్షణంలో కూడా నాలుగు కథలు నాలుక చివర వరసలో నిలబడ్డాయి. కానీ ఏ కథ చెప్పినా ఆ పిల్ల రేపు ఇంకెవరి ఇంట్లోనో చెయ్యి చాపుతుంది.

"అదే" అన్నాను. "మందు నేను తినలేదు పిన్నీ. ఆ సూదిలో ఉంది."

పిన్ని ఏడుస్తుందని, మంచం కోడుకి తల కొట్టుకుంటుందని ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఏమీ చెయ్యలేదు. డాక్టరుగారి వైపు తిరిగి, "ఏరా, నిజమేనా?" అంది.

"నాన్నగారు అందరికీ అదే వేసేవారండీ" అన్నాడు అతను నెమ్మదిగా. "ఎవరికీ ఏమీ కాలేదండీ."

"ఎవరికీ కాలేదు" అంది పిన్ని. కాసేపు కాలు నిమురుకుంది. తర్వాత కర్ర తెమ్మంది.

బెణికిన కాలుతో ఆవిడ గుమ్మం దిగి పక్కింటికి వెళ్ళింది. పక్కింటావిడ వాకిట్లో చేపలు తోముతోంది. "ఇదిగో, వినవే. మా పిల్ల మందు తినలేదు. నేనే వేయించాను."

"ఎవరండీ? ఏం మందండీ?" అందావిడ. ఆవిడకి పతకం సంగతే తెలియదు. అంచేత పిన్ని మొదట పతకం వచ్చిన కథ చెప్పాలి, తర్వాత పోయిన కథ చెప్పాలి, అప్పుడు గాని తన తప్పు దాకా రాలేదు. అలా ఇల్లిల్లూ తిరిగింది. మొదటి ఇంట్లో నేనెత్తింది ఒక ధాన్యం బస్తా. మూడో ఇంటికి ఎడ్లబండి. గుడి దగ్గర అరుగు మీద కూర్చున్నవాళ్ళ దాకా వచ్చేసరికి డ్రైవరుతో సహా చేపల వ్యాను ఎత్తేశాను. ఆవిడ రక్తమే నాలో ఉందని అప్పుడర్థమైంది. "చాలు పిన్నీ, ఇంటికి పద" అని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నానంతే, లాగలేదు. లాగితే ఆ ఎండుపుల్లలాంటి చెయ్యి నాతో వచ్చేసేది. నేను మందు తినలేదని ఒకరు వీధిలో నిలబడి చెబుతుంటే వినడం నాకు తియ్యగా ఉంది. పక్కన ఆ పిల్ల నిలబడి నా మొహం చూస్తోంది. అయినా లాగలేదు.

గుడి అరుగు మీద ఒక పెద్దాయనకి గుర్తుంది. "అయితే ఆ ఏలూరు మాస్టారు కాదన్నమాట ఎక్కించింది" అన్నాడు.

పిన్ని ఠక్కున ఆగింది. "ఏ మాస్టారు?"

"అందరూ ఆయనే అనుకున్నాం కదండీ."

పిన్ని నా వైపు తిరిగింది. నేను చేపల వ్యాను కూడా లేపగలనేమో గాని తల లేపలేకపోయాను. "ఆయన ఇల్లు నీకు తెలుసా?" అంది.

ఆ సాయంత్రం పిల్లని బస్సెక్కించి, మర్నాడు పొద్దున్నే పిన్నిని ఆటోలో ఏలూరు తీసుకొచ్చాను. సందు మొగలో దిగి, ఆ ఇంటి గుమ్మం దాకా నడిచాం. ఇక్కడి నుంచి పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అమ్మగారు బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టింది. "రామ్మా, కూర్చో. మీరూ రండండీ" అంది. గోడకి మాస్టారి ఫొటో, పక్కన ఆయన చిన్నప్పుడెప్పుడో గెలుచుకున్న షీల్డు. పిన్ని కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని, ఊళ్ళో చెప్పినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తనే డాక్టర్ని పిలిపించానని, వద్దంటున్నా చెయ్యి చాపించానని, తనకి తెలిస్తే చచ్చిపోతానని మా పిల్ల దాచిపెట్టిందని, మాస్టారికి మాత్రం చెప్పి ఎవరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకుందని, ఆ సంగతి ఆటోలో వస్తుంటే తనకి తెలిసిందని.

అమ్మగారు విన్నది. "ఆయనకి తెలుసాండీ?" అంది.

"తెలుసండీ" అన్నాను నేను. "మొదటి రోజు నుంచీ తెలుసు. నేనే చెప్పొద్దన్నాను."

"ఎవరికీ చెప్పొద్దన్నావా అమ్మా?"

"ఎవరికీ."

అమ్మగారు ఒళ్ళో చేతుల్ని చూసుకుంది. "ఒకసారి అడిగానమ్మా ఆయన్ని. నాకైనా నిజం చెప్పండి, ఆ పిల్లకి మీరే ఏదైనా ఇచ్చారా అని. ఊఁ అన్నారు." ఆగింది. "అవునన్నారనుకున్నాను. పోయేదాకా అలాగే అనుకున్నాను. ఆఖరి గుక్క మంచినీళ్ళిచ్చేటప్పుడు కూడా."

పిన్ని గోడ పట్టుకుంది.

"కాఫీ పెడతానుండండీ" అని అమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటిదాకా లోపల్నుంచి గిన్నె చప్పుడు కూడా వినపడలేదు. పిన్ని కర్ర నాకిచ్చి, గోడ పట్టుకుంటూ, తనూ లోపలికి వెళ్ళింది. నేను ఆ ఫొటో ఎదురుగా కూర్చుండిపోయాను.